వాల్టర్ లిండ్రం: నియమములను మార్పించిన ఆటగాడు

మెల్‌బోర్న్ మహానగరపు ప్రధాన శ్మశానవాటికలో ఒక వింత సమాధి కలదు. బిలియర్డ్సు బల్ల ఆకారమున దానిని నిర్మించి, బంతులను, క్యూ కోలను గూడ దానిపై అమర్చిరి. దారిని పోవు పరదేశి యెవడైనను దానిని చూచిన పిదప అందు నిద్రించువాడు జీవితమున నేమి చేసెనని యడుగ నక్కరలేదు. ఆ సమాధి వాల్టర్ ఆల్బర్ట్ లిండ్రం అను ఆస్ట్రేలియా దేశీయునిది. 1960 జులై 30వ తేదీన క్వీన్స్‌లండు తీరమందలి సర్ఫర్స్ పారడైజ్ అను పట్టణమున, అరువదిరెండవ యేడు నిండకమునుపే, అతడు కన్నుమూసెను. వృత్తి బిలియర్డ్సు ఆటగాండ్రలో అతనికి సాటివచ్చువాడు అంతకు పూర్వము లేడు, పిమ్మటను పుట్టలేదని ఆ క్రీడ నెరిగినవారిలో పెక్కుమంది నేటికిని తలంచుచున్నారు.

ఒక ఆటగాని చరిత్రము ఈ పుటలో నేల యని పాఠకులలో కొందరికి సంశయము కలుగవచ్చును. బిలియర్డ్సు అనగానే మనవారికి తోచునది సాయంకాలపు క్లబ్బు, చుట్టపొగ, పనిలేని దొరలు, వారిననుకరింపబోయిన మన జమీందారులు. పూర్వము పెక్కు సంస్థానముల మేడలలో, జిల్లా ముఖ్యపట్టణముల క్లబ్బులలో పచ్చని గుడ్డ పరచిన ఆ పెద్ద బల్ల యొకటి యుండెడిది. దానిచుట్టు పొద్దుపుచ్చినవారిలో విద్యగా దాని నభ్యసించినవారు స్వల్పము. అందువలననే లిండ్రం కథ మనకు వినదగినది. పొద్దుపోకకని యితరులు పట్టిన కోలను అతడు తపస్సునకై పట్టెను. ఆ తపస్సు ఫలించిన నాడు లోకము సంతోషించినట్లే సంతోషించి, వెంటనే ఆ ఫలమునకు కంచె కట్టెను. విద్యావంతుడు మిక్కిలి యెత్తునకు పోయినప్పుడు సమాజ మతనితో నెట్లు వర్తించుననుట యిందలి ముఖ్యాంశము.

ముందుగా ఆటను గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. ఆంగ్లేయ బిలియర్డ్సు పండ్రెండడుగుల పొడవును, ఆరడుగుల వెడల్పును గల బల్లపై మూడే బంతులతో నాడబడును. ఇద్దరాటగాండ్రకు చెరియొక బంతి, ఇద్దరికిని ఉమ్మడిగా ఒక ఎఱ్ఱబంతి. తన బంతిచే మిగిలిన రెండింటిని ఒకే దెబ్బతో తాకించినచో దానిని క్యానను అందురు. దానికి రెండు పాయింట్లు. ఎఱ్ఱబంతిని సంచిలో వేసినను, ఎఱ్ఱబంతిని తాకి తన బంతియే సంచిలో పడినను మూడు. ఎదుటివాని తెల్లబంతి విషయమున రెండు. దెబ్బ తప్పనంతవరకు ఆటగాడు ఆడుచునే యుండవచ్చును. ఇట్లు ఒకే విడతలో చేర్చిన మొత్తమునకు బ్రేకు అని పేరు. ఎదుటివాడు అంతసేపును కుర్చీలో కూర్చుండి చూచుచుండుట తప్ప చేయగలిగినదేమియు లేదు. ఈ విషయమును పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెను. లిండ్రమున కెదురుగా ఆడినవారి కష్టమంతయు అందే యున్నది.

లిండ్రం వంశమున ఈ ఆట కులవిద్య వంటిది. అతని తాత ఫ్రీడ్రిక్ విల్హెల్మ్ ఫాన్ లిండ్రం, దక్షిణ ఆస్ట్రేలియాలో స్థిరపడి ద్రాక్షతోటలు పెంచినవాడు. ఇంగ్లండునుండి వచ్చిన మహావీరుడు జాన్ రాబర్ట్సు సీనియర్‌ను 1869లో అడిలైడ్ నగరమున ఓడించి అతడు ఖ్యాతి గాంచెను. తండ్రియు గొప్ప ఆటగాడే. అంతకంటెను గొప్ప గురువు. 1898 ఆగస్టు 29వ తేదీన పశ్చిమ ఆస్ట్రేలియాలోని కాల్గూర్లీ అను బంగారుగనుల యూరిలో వాల్టర్ జన్మించెను. ఆ యూర బంగారము బయటపడి అప్పటి కైదేండ్లే. దుమ్ము, ఎండ, నీటికఱవు, భాగ్యము వెదకుచు నలుమూలలనుండి చేరిన కూలీలు: అట్టి చోట బిలియర్డ్సు గది జనులకొక విశ్రాంతిస్థానము. ఆ వాతావరణమున శిశువు కన్ను తెరచెను.

మూడేండ్ల ప్రాయమున అతనికొక ప్రమాదము సంభవించెను. బట్టలు పిండు యంత్రములో చేయిపెట్టగా కుడిచేతి చూపుడువ్రేలి కొన తెగిపోయెను. ఆ చేతితో క్యూ కోలను నేర్పుగ పట్టుట దుష్కరము. ఇతర తండ్రి యెవడైనను బిడ్డకు వేరొక వృత్తి వెదకియుండును. ఈ తండ్రి యట్లు చేయక కోలను కుమారుని యెడమచేతి కిచ్చెను. మన మహాభారతమున ఏకలవ్యుని కుడిచేతి బొటనవ్రేలిని గురువు దక్షిణగా కోరి అతని విద్యను హరించెను. ఇచట దైవము వ్రేలిని తీసికొనగా, గురువు రెండవ చేతిని చూపెను. అర్జునునికి సవ్యసాచి యను పేరు వచ్చినది ఎడమచేతితోను బాణము వేయ నేర్చినందున. లిండ్రం ఆ యెడమచేతితోడనే తన లోకమును జయించెను.

ఈ విద్య దయతో నేర్పబడినదని చెప్పుటకు వీలులేదు. బాలుడు దినమునకు పండ్రెండు గంటలవరకు బల్లయొద్ద సాధనచేయవలసి యుండెను. తండ్రి శాసనము కఠినము. తోడిపిల్లలు వీధులలో నాడుకొనుచుండ ఈ పిల్లవాడు కిటికీ వెలుతురున మూడు బంతులతో ఏకాంతవాసము చేసెను. పదుమూడవ యేటనే వృత్తి ఆటగాడుగ పందెమున దిగెను. బాల్యమును ఇట్లు హరించి యిచ్చిన విద్య ఎంత గొప్పదైనను, దాని మూల్యమును మరచి తండ్రిని పొగడుట మాకు సమ్మతము కాదు. ఐనను ఆ సాధన లేనిచో ఆ లిండ్రం లేడనుటయు సత్యమే. మన సంగీత విద్వాంసుల యిండ్లలో, వేదపాఠశాలలలో ఇట్టి కఠినశిక్షను చూచినవారికి ఈ రెండు సత్యములును ఒకదాని ప్రక్క నొకటి నిలుచుట వింతగా తోచదు.

వాల్టరునకు అన్న యొకడు కలడు. అతని పేరును ఫ్రెడ్. అతడు చిన్నవయసుననే ఆస్ట్రేలియా వృత్తి ఛాంపియనై చిరకాలము ఆ బిరుదును ధరించెను. తమ్ముని ప్రతిభ అన్నను మించినదని తెలియని వారు లేరు. ఐనను తమ్ముడు ఆ బిరుదునకై అన్నను సవాలు చేయలేదు. తాను ఓడింపగలనని యెరిగియు అన్న కిరీటమును ముట్టక, ఏండ్ల తరబడి బిరుదు లేని వీరుడుగ అతడు తిరిగెను. ఉమ్మడికుటుంబ ధర్మము నెరిగిన మన పాఠకులకు ఈ గుణము యొక్క విలువను విప్పి చెప్పనక్కరలేదు. ఇంగ్లండు మాజీ ఛాంపియను హెచ్. డబ్ల్యు. స్టీవెన్సన్ 1922లో ఆస్ట్రేలియాకు వచ్చి యీ బిరుదులేని వానితో తలపడి, వేయికి మీరిన బ్రేకులను చూచి చకితుడయ్యెను. ఆ వార్త సముద్రములు దాటి లండనును చేరెను. దూరదేశపు పత్రికలలో వ్రాయబడిన అంకెలను రాజధాని నమ్మదు గదా! కావున అక్కడి నిపుణులకు సందేహము తీరలేదు.

1929లో ఇంగ్లండు దిట్ట విల్లీ స్మిత్ ఆస్ట్రేలియాకు వచ్చెను. ఇద్దరకును మూడు పోటీలు ఏర్పడెను. చెరియొకటి గెలిచిరి. మూడవ దానిలో లిండ్రం ముందంజలో నుండగా అతని యువపత్ని మరణించెను. అతడు కోలను క్రింద పెట్టి పోటీని విడిచి వెడలెను. నియమము ప్రకారము గెలుపు స్మిత్‌దే. కాని స్మిత్ ఆ బహుమానపాత్రను స్వీకరింపక, గతించిన యామె స్మృతిగా లిండ్రమునకే యీయవలెనని పట్టుపట్టెను. ప్రతిస్పర్ధియొక్క యీ ఔదార్యము గెలుపోటముల పట్టికలలో కనబడునది కాదు. ఆ సంవత్సరముననే లిండ్రం దుఃఖభారముతో ఇంగ్లండునకు ఓడ యెక్కెను. అప్పటికతనికి ముప్పదియొక యేండ్లు.

ఇంగ్లండులో అతడు చేసినదానిని ఆనాటి ప్రేక్షకులు మొదట నమ్మలేకపోయిరి. వేయి పాయింట్ల బ్రేకు అంతకుముందు ఏ మహావీరునకో పర్వదినమున లభించునట్టిది. లిండ్రమునకు అది నిత్యభోజనము వంటిదయ్యెను. రెండువేలు దాటెను, మూడువేలు దాటెను. అతని ఆయువుపట్టు నర్సరీ క్యాననులు అను చిన్న దెబ్బలలో నుండెను. మూడు బంతులను బల్ల యంచునకు దగ్గరగా చేర్చి, వానిని చెదరనీయక, అంగుళముల లెక్కన మెల్లగా త్రోయుచు, అంచువెంబడి నడిపించుకొని పోవుట యీ విద్య. తల్లి పసిపిల్లలను గోడవెంట నడిపించినట్లుండును. దెబ్బ గట్టిదైనచో బంతులు విడిపోవును, మెత్తనిదైనచో తాకవు. ఒక్కొక్క దెబ్బకు రెండే పాయింట్లు. అట్టివి వందలకొలది తప్పులేక సాగవలెను. ఇతరులు ఇరువదో ముప్పదియో చేసి నిట్టూర్చుచుండ, లిండ్రం మాటలాడుకొనుచు నడచువానివలె సులభముగ, వేగముగ సాగిపోవుచుండెను.

ఇంగ్లండులోని అగ్రగణ్యులు నలుగురు: జో డేవిస్, టామ్ న్యూమన్, విల్లీ స్మిత్, న్యూజిలండు దేశీయుడైన క్లార్క్ మెకానకీ. వీరితో సమానస్థాయిలో ఆడించిన ఆటకు రుచి యుండదని భావించి, ఒక పోటీలో లిండ్రం వీరిలో ఒక్కొక్కరికి 7,000 పాయింట్లు ముందుగా నిచ్చి ఆడునట్లు ఏర్పాటుచేసిరి. ఆ పోటీలోను అతడే గెలిచెను. ప్రపంచమున రెండవ స్థానమునకై పోరాడువారికి ఇట్లు దానముచేసి యాడు ప్రథముడు ఏ క్రీడలోనైన అరుదు. 1931 ఫిబ్రవరిలో ఇంగ్లండురాజు ఐదవ జార్జి అతనిని బకింగ్‌హాం ప్రాసాదమునకు పిలిపించి ఆట చూచి, తన నామాక్షరములు గల బంగారు చొక్కాగుండీలను బహూకరించెను. లిండ్రం వానిని అటుపిమ్మట జీవితాంతము ధరించెను. బంగారుగనుల యూరిలో వ్రేలు పోగొట్టుకొన్న పిల్లవానికి అది చిన్న సత్కారము కాదు.

1932 జనవరి 19, 20 తేదీలు బిలియర్డ్సు చరిత్రమున శాశ్వతముగ నిలిచినవి. లండనులో లెస్టర్ స్క్వేరునందలి థర్‌స్టన్ భవనము ఆ క్రీడకు కాశీక్షేత్రము వంటిది. అందు జో డేవిస్‌తో నాడుచు లిండ్రం ఒకే బ్రేకులో 4,137 పాయింట్లు చేసెను. దానికి పట్టిన కాలము రెండు గంటల యేబదియైదు నిముషములు మాత్రమే. అనగా నిముషమునకు ఇరువదిమూడు పాయింట్లకు పైన. పోటీ రెండు పూటలకు విడి, రాత్రి నిద్రపోయి, మరునాడు మరల అదే బ్రేకును కొనసాగించుటలో మనస్సునకెంతటి నిబ్బరము కావలయునో యోచింపుడు. ఆ కాలమంతయు డేవిస్ కుర్చీలో కూర్చుండియుండెను. అతడు సామాన్యుడు కాడు. 1928, 1929, 1930 సంవత్సరములలో ప్రపంచ ఛాంపియను. అట్టివాడు కోల చేతబట్టి కూర్చుండి ఎదుటివాని తప్పునకై యెదురుచూచెను. ఆ తప్పు మూడు గంటలవరకు రాలేదు.

ఇచ్చటనుండియే కథ మలుపు తిరుగుచున్నది. ప్రేక్షకులు మొదట ఆశ్చర్యపడిరి; తరువాత లెక్కపెట్టిరి; తుదకు ఆవులించిరి. ఎదురు లేని పోరాటమున ఉత్కంఠ లేదు. వెనుకవరుసలలో కూర్చున్నవానికి బల్ల యంచున అంగుళము మేర కదలు బంతులు కనబడను గూడ కనబడవు. టిక్కెట్లు కొనువారు తగ్గిరి. ఆట నియమములకు అధికారిణియైన లండనులోని బిలియర్డ్సు అసోసియేషన్ అండ్ కంట్రోల్ క్లబ్బు ఆ 1932లోనే క్రొత్త నియమమును విధించెను. బల్లకు ఒక చివర అడ్డముగ గీయబడిన బాల్కు గీతను, నియమితమైన పాయింట్ల సంఖ్యకు ఒకమారైనను ఆటగాని బంతి దాటవలెననుట దాని సారాంశము. కొంతకాలమునకు అది ప్రతి 200 పాయింట్లకు ఒకమారు అని స్థిరపడెను. అనగా బంతులను ఒక మూల చేర్చి నడిపించు విద్యకు నడుమనడుమ భంగము కలిగించుటయే ఉద్దేశము. తర్వాతి కాలమున వరుస క్యాననుల సంఖ్యకును పరిమితి విధించిరి. పేరు వ్రాయకపోయినను ఈ శాసనము ఎవనికై పుట్టినదో బిలియర్డ్సు లోకమునకంతకును తెలియును.

వలసదేశపు వీరుడు రాజధాని వీరులను ఓడించినందున రాజధాని నియమములను మార్చెనని ఆస్ట్రేలియాలో పలువురు తలంచిరి. ఆ తలంపునకు కాలము గూడ తోడ్పడెను. సరిగా ఆ 1932-33 శీతకాలముననే డాన్ బ్రాడ్‌మన్ పరుగులవరదను అరికట్టుటకు ఇంగ్లండు క్రికెట్టు జట్టు దేహమునకు గురిపెట్టి బంతులువేయు పద్ధతిని ఆస్ట్రేలియాలో ప్రయోగించి అపకీర్తి గాంచెను. రెండు సంగతులను జతపరచి చూచుట సహజము. పరపాలన నెరిగిన మనవంటి జాతికి ఆ యనుమానము మఱింత సులభముగ రుచించును. ఐనను న్యాయము చెప్పవలెనన్న, రెండవ పక్షమును వినవలెను.

బిలియర్డ్సున ఇట్టి నియమములు లిండ్రముతో మొదలుకాలేదు. ఎఱ్ఱబంతిని ఒకే చుక్కమీదనుండి మరల మరల సంచిలోవేయు పద్ధతిని 1898లోనే నిషేధించిరి. దానివలన నష్టపడినవారు ఆంగ్లేయులే. 1907లో టామ్ రీస్ అను ఆంగ్లేయుడు రెండు బంతులను సంచిమూలయందు కదలకుండ నిలిపి, వానిని తాకుచు వారములతరబడి ఆడి 499,135 పాయింట్ల బ్రేకు చేయగా, ఆ యుపాయమును గూడ వెంటనే బహిష్కరించిరి. క్రొత్త బాల్కు నియమము డేవిస్‌కును న్యూమన్‌కును గూడ వర్తించినదే. ఆటను చూచువారు లేనిచో వృత్తి ఆటగానికి జీవనము లేదు. నియమకర్తల యెదుట ఆ బాధ్యతయు నుండెను. కాని ఒక భేదము కలదు. రీస్ చేసినది నియమములందలి సందును కనిపెట్టుట. లిండ్రం చేసినది నియమములలోనే నిలిచి విద్యను పరాకాష్ఠకు చేర్చుట. మొదటిదానిని నిషేధించుట సంస్కరణము. రెండవదానికి కట్టువేయునప్పుడు అధికారులు మఱింత సంకోచించియుండ వలసినదని మా యభిప్రాయము. ఒకని నేర్పు మిక్కుటమైనదని తోచినప్పుడు ఇతరుల నేర్పును పెంచు మార్గమును వెదకుట మేలు. అతని నేర్పును తగ్గించు మార్గము సులభము, అంతమాత్రమున అది యుత్తమము కాదు.

లిండ్రం ఈ శాసనము నెట్లు స్వీకరించెను? ఇష్టపడలేదు, కాని అలిగి కోలను విసరివేయలేదు. గీతను దాటవలసివచ్చినప్పుడు దాటి, మరల బంతులను కూడదీసికొను నేర్పును సంపాదించెను. 1933లో తొలిసారిగ ప్రపంచ వృత్తి ఛాంపియన్‌షిప్ పోటీలో ప్రవేశించి, థర్‌స్టన్ భవనముననే డేవిస్‌ను 21,815 పాయింట్లకు 21,121గా ఓడించి బిరుదును గైకొనెను. క్రొత్త నియమము ఇద్దరి నడుమ దూరమును కొంత తగ్గించినదని ఈ యంకెలే తెలుపుచున్నవి. ఏడువేలు ముందిచ్చి గెలిచినవాడు ఇప్పుడు ఏడువందలకు లోపు తేడాతో గెలిచెను. ఐనను గెలిచెను.

పిదప అతడు, బిరుదు కావలసినవారు తన దేశమునకు వచ్చి పోరాడవలెనని కోరెను. అంతవరకు వలసదేశమువాడే లండనునకు పోవుట ఆచారము. 1934లో ఆ ఆచారము తలక్రిందులై, మెల్‌బోర్న్ నగరమున పోటీ జరిగెను. లిండ్రం మొదట మెకానకీని 21,903కు 20,795గాను, పిమ్మట సముద్రములు దాటి వచ్చిన డేవిస్‌ను 23,553కు 22,678గాను జయించెను. అటుతరువాత అతడు 1950లో విరమించువరకు ఆ బిరుదు అతనియొద్దనే యుండెను; కాని ఆ పదునారేండ్లలో దానికై యొక్క పోటీయు జరుగలేదు. ఎదుర్కొనువాడు లేని కిరీటము ఎంత మెరసినను దానిలో కొంత విషాదము కలదు. 1951లో మెకానకీ ఆ బిరుదును గెలుచుకొనెను. 1968లో రెక్స్ విలియమ్స్ అతని నోడించువరకు మరల నదే నిశ్శబ్దము.

ఈలోపల జనులు స్నూకరువైపు మరలిరి. డేవిస్ తన శక్తియంతయు దానిలో పెట్టి, 1927 మొదలు 1946 వరకు ప్రపంచ స్నూకరు ఛాంపియనుగా నుండెను. రంగురంగుల బంతులు, క్షణక్షణము మారు అదృష్టము చూచువారిని ఆకర్షించెను. ఈ స్నూకరు మన దేశమున పుట్టినదేయని పాఠకులలో కొందరికి తెలియకపోవచ్చును. 1875లో జబల్పూరు సైనికాధికారుల భోజనశాలయందు నెవిల్ చేంబర్లేన్ అను యువాధికారి దానిని కల్పించెననియు, పిమ్మట నాటి మద్రాసు రాజధానిలోని ఉదకమండలము క్లబ్బున దాని నియమములు స్థిరపడెననియు ప్రసిద్ధి. ఆ రాజధానిలో మన సర్కారు జిల్లాలును రాయలసీమయు నుండెను. వర్షకాలపు విసుగు తీర్చుకొనుటకై కల్పించిన ఆట తుదకు రాజుల ఆటను మూలకు త్రోసెను. లిండ్రం అన్నచెల్లెండ్ర సంతతిలోని హొరేస్ లిండ్రం కూడ స్నూకరుననే కీర్తి నార్జించెను. థర్‌స్టన్ భవనమును 1940 అక్టోబరులో జర్మను బాంబు కూల్చెను. నాలుగువేల బ్రేకు జరిగిన చోటు అట్లు నేలమట్టమయ్యెను.

లిండ్రం స్వదేశమున ఊరకుండలేదు. రెండవ ప్రపంచసంగ్రామకాలమున ఊరూర, సైనికశిబిరముల, ఆసుపత్రుల నిధులకై తన విద్యను ప్రదర్శించెను. అట్టి ప్రదర్శనములు సుమారు నాలుగువేలనియు, వానివలన ఐదులక్షల పౌనులకు పైగా ధర్మకార్యములకు చేరెననియు లెక్క. 1941లో సిడ్నీ నగరమున నలువదియారు సెకండులలో నూరు పాయింట్లు చేసి అధికారిక వేగరికార్డును నెలకొల్పెను. అతని పేర నిలిచిన ప్రపంచరికార్డులు ఏబదియేడు. 1951లో ఎం. బి. ఇ., 1958లో ఓ. బి. ఇ. బిరుదులు అతనికి లభించెను. ఇవి ఆటకంటె దానమునకే యెక్కువ తగినవి. ఎవరు నియమములను మార్చినను, ఏ క్లబ్బు గీతలు గీచినను, ఆసుపత్రి రోగికి మందు కొనిపెట్టిన ఆ క్యాననులకు పరిమితి విధించువారు లేకపోయిరి.

బిలియర్డ్సును ఇంగ్లండు మరచుచున్న కాలముననే మన దేశము దానిని చేపట్టెను. 1958లో కలకత్తాయందు విల్సన్ జోన్స్ ప్రపంచ అమెచ్యూరు బిలియర్డ్సు ఛాంపియనై, ఏ క్రీడలోనైనను ప్రపంచబిరుదము గాంచిన తొలి భారతీయుడయ్యెను. అప్పటికి లిండ్రం సజీవుడు. తరువాత మైకేల్ ఫెరీరా, గీత్ సేఠీ, పంకజ్ ఆడ్వాణీ ఆ దీపమును ఆరనీయలేదు. 1992లో గీత్ సేఠీ 1,276 పాయింట్ల బ్రేకు చేసినప్పుడు ప్రపంచమున నాటి ఆటగాండ్రు అబ్బురపడిరి. ఆ అంకెను లిండ్రం అంకె ప్రక్కన నిలుపుట న్యాయము కాదు. రెండింటి నడుమ కంచెలు పెక్కు వెలసినవి. ఆ కంచెలను దాటుచు మనవారు ఎంతవరకు పోయిరో చూచుటకు మాత్రమే దాని నిచట స్మరించితిమి.

లిండ్రం చరిత్రము విన్న పిదప మనకు నిలుచు ప్రశ్న యొకటి కలదు. మన గ్రామములలో, పాఠశాలలలో, కార్యాలయములలో మిక్కిలి నేర్పరి యొకడు బయలుదేరినప్పుడు మనము చేయునదేమి? అతని వేగమునకు మనము నడక పెంచుదుమా, లేక అతని పాదములకు అడ్డముగ గీత గీయుదుమా? చాలచోట్ల రెండవదే జరుగుచున్నదని ఒప్పుకొనక తప్పదు. గీతలు గీయువారందరు దుర్మార్గులు కారు. తమ సంస్థ నిలువవలెనన్న సదుద్దేశము వారికి నుండవచ్చును. కాని 1932 నాటి గీత బిలియర్డ్సును బ్రదికింపలేదు. లిండ్రమును ఆపలేదు. జనులు స్నూకరునకు పోనే పోయిరి. అతడు గీత దాటి గెలువనే గెలిచెను. ఇంతకును ఆ గీతవలన లాభమేమని నేడు విచారించినచో సమాధానము దొరకదు. మెల్‌బోర్న్ శ్మశానమున ఆ రాతి బల్లమీద మాత్రము బంతులు దగ్గరదగ్గరగా నిలిచియున్నవి. వానిని చెదరగొట్టవలెనని యిపు డెవ్వరును కోరుట లేదు.